నాలుగు సెక్షన్ల చట్టమూ, ఒక అనుబంధ ప్రశ్నా

2020 ఏప్రిల్. కర్నూలులో ఎండలు ముదురుతున్న రోజులు. ఆ నెలాఖరుకు ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాల కంటే ఎక్కువ కరోనా కేసులు మా జిల్లాలోనే నమోదై ఉన్నాయి. కొండారెడ్డి బురుజు చుట్టూ ఎన్నడూ ఎరుగని నిశ్శబ్దం. మా వీధి మొదట్లో వెదురు బొంగులు అడ్డంగా కట్టారు. ఒక బొంగుకు సుతిలి తాడుతో వేలాడగట్టిన అట్టమీద రెండు హెచ్చరికలూ, వాటి కింద ఒక చట్టం పేరూ ఉన్నాయి. అంటువ్యాధుల చట్టం, 1897.

ఆ బొంగుల అవతల నిలబడి పాలు పోస్తూ, మాకు ఏళ్ళ తరబడి పాలు తెచ్చే మనిషి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "ఏమి సార్, పద్దెన్మిదినూర్ల తొంబైఏడంటే మా తాత గూడా పుట్టిండడు గదా! ఎవురు చేసినారు సార్ ఈ చట్టం? ఎవుర్నడిగి చేసినారు?"

నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వే ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. "ఎవరు చేశారు" అన్నదానికి జవాబు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. "ఎవరిని అడిగి చేశారు" అన్నది మాత్రం కొంచెం తవ్వి చూడవలసిన సంగతి. చరిత్ర మీద మక్కువ ఉన్న మిత్రులతో ఆ తవ్వకంలో బయటపడినవి పంచుకుందామనే ఈ వ్యాసం. కొంచెం పొడుగు. ఓపికతో చదవమని మనవి.

*

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలలలోనే నగరం సగం ఖాళీ అయింది. రైళ్ళలో జనం, జనంతో పాటు వ్యాధి, దేశం నలుమూలలకూ బయలుదేరారు. అప్పటి రాజధాని కలకత్తా. అక్కడ వైస్రాయి శాసనమండలిలో హోం వ్యవహారాల సభ్యుడు జాన్ వుడ్‌బర్న్ ఒక బిల్లు ప్రవేశపెట్టాడు. 1897 ఫిబ్రవరి 4న అది చట్టమైంది. దేశంలోని శాసనాలలో ఇంత చిన్నవి బహు తక్కువ. మొత్తం నాలుగే సెక్షన్లు.

మొదటిది చట్టం పేరు. రెండవది అధికారం: దేశంలో గానీ ఏదైనా ప్రాంతంలో గానీ ప్రమాదకరమైన అంటువ్యాధి ప్రబలిందని, లేదా ప్రబలే ముప్పు ఉందని, మామూలు చట్టాలు చాలవని ప్రభుత్వానికి తోస్తే, అవసరమనుకున్న చర్యలన్నీ తీసుకోవచ్చు, నియమాలు ప్రకటించవచ్చు. రైలు ప్రయాణికులను తనిఖీ చేయవచ్చు. వ్యాధి సోకిందన్న అనుమానం ఉన్నవారిని వేరుచేసి ఉంచవచ్చు. మూడవది శిక్ష: ఆ నియమాలను ధిక్కరిస్తే భారత శిక్షాస్మృతి 188వ సెక్షను. నాలుగవది రక్షణ: ఈ చట్టం కింద సద్బుద్ధితో పనిచేసిన అధికారి మీద ఎవరూ దావా వేయరాదు.

ఆ నాలుగు సెక్షన్లలో లేనిది ఏమిటో గమనించండి. నియమాలు చేసిన ప్రభుత్వం వాటిని ఫలానా గడువులోగా ఫలానా సభ ముందు పెట్టాలి అన్న మాట లేదు. ఎంతకాలం అమలులో ఉంటాయన్న గడువు లేదు. ఇల్లు పోగొట్టుకున్నవాడికి పరిహారం మాట లేదు. అధికారి ఏమి చేయవచ్చునో ఉంది, ఏమి చేయాలో లేదు. చేసినదానికి ఎవరికి లెక్క చెప్పాలో అసలే లేదు.

పోనీ, ఆ మండలిలోని భారతీయ సభ్యులు అడగలేదా అంటారేమో. వారికున్న హక్కు ఎంతటిదో చూడాలి. 1892 నాటి భారత మండళ్ళ చట్టం వారికి రెండు కొత్త హక్కులిచ్చింది. బడ్జెటు మీద మాట్లాడవచ్చు, కానీ ఓటు వేయకూడదు. ముందుగా నోటీసు ఇచ్చి ప్రశ్న అడగవచ్చు, కానీ వచ్చిన జవాబు మీద మరొక ప్రశ్న వేయకూడదు. అంటే అనుబంధ ప్రశ్నకు తావు లేదు. ప్రభుత్వం "సమాచారం లేదు" అంటే లేదనే అర్థం. "ఎందుకు లేదు?" అని అడగడానికి నోరు లేదు.

ఈ అనుబంధ ప్రశ్న అన్న చిన్న విషయాన్ని మిత్రులు గుర్తుపెట్టుకోవాలి. ఈ వ్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

*

అడగడానికి నోరులేని చోట చేసిన చట్టం ఎలా అమలయిందో పూనా చెప్పింది. అక్కడి ప్లేగు కమిటీ అధ్యక్షుడు వాల్టర్ చార్లెస్ రాండ్ సైనికులను ఇళ్ళలోకి పంపి సోదాలు చేయించాడు. స్త్రీలు, దేవుడి గది, వంటిల్లు అన్న పట్టింపు లేకపోయిందని జనం గగ్గోలు పెట్టారు. ఆ గగ్గోలును వినిపించడానికి ఏ సభలోనూ చోటు లేదు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. ఆ తరువాత పత్రికలో రాసిన రాతలకు తిలక్ మీద రాజద్రోహం కేసు పెట్టి పద్దెనిమిది నెలల జైలు వేశారు. హత్యను సమర్థించడానికి ఈ మాట చెప్పడం లేదు. సభలో అడగవలసిన ప్రశ్నను అడగనివ్వకపోతే అది వీధిలోకి, వీధి నుండి తుపాకీలోకి వెళ్ళిన వరుస మాత్రం చరిత్రలో కనిపిస్తున్నది. తరువాతి ఏళ్ళలో ప్రభుత్వం తన బలవంతపు పద్ధతులను తగ్గించుకోవలసి వచ్చింది.

1898లో ప్లేగు బెంగళూరు చేరింది. మద్రాసు రాజధానిలోని జిల్లాలకూ ముప్పు వచ్చిపడింది. వ్యాధి ఉన్న చోటు నుండి వచ్చే ప్రయాణికుడి చేతికి ఒక చీటీ ఇచ్చేవారు. దాన్ని ప్లేగు పాస్‌పోర్టు అనేవారు. అది పట్టుకుని, చేరిన ఊళ్ళో రోజూ అధికారికి కనపడాలి. 2020లో ఊరుగాని ఊరు నుండి వచ్చినవారి చేతిమీద వేసిన ముద్రలు, ఇంటి తలుపుకు అంటించిన కాగితాలు చూసినప్పుడు నాకు ఆ చీటీయే గుర్తుకొచ్చింది.

మా జేజి చిన్ననాటి మాటలలో ప్లేగు ఒక మనిషిలా వచ్చిపోయేది. ఎలుకలు రాలితే ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకునేవారట. ఎవరూ చెప్పకుండానే, దండోరా వేయకుండానే. జనానికి వ్యాధి భయం లేక కాదు అధికారులతో పేచీ వచ్చింది. తమ భయాన్ని తామే సర్దుకునే తెలివి తమకుందని, తమను అడిగితే చెప్పేవారమని వారి బాధ.

ఇక్కడ మన సీమకు సంబంధించిన మరొక సంగతి చెప్పాలి. అత్యవసర పరిస్థితి అన్నది మనకు అంటువ్యాధితో మొదలు కాలేదు, కరువుతో మొదలయింది. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయిందని 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ ఘోరం తరువాత ప్రభుత్వం కరువు కమిషను వేసింది. కమిషను 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా కరువు నియమావళులు తయారయ్యాయి. మద్రాసు రాజధానికీ ఒకటి వచ్చింది. అందులో అధికారి విధులు రాసి ఉండేవి: కరువు జాడలు ఏవి, పరీక్ష పనులు ఎప్పుడు తెరవాలి, కూలి ఎంత, పని చేయలేని ముసలివారికి, పసివారికి ఉచితంగా ఏమి ఇవ్వాలి. అవి ఎంత పిసినారితనంతో అమలయ్యాయో మన పెద్దలు కథలు కథలుగా చెప్పారు. అయినా ఆ కాగితం పట్టుకుని "ఇది చేయాలని రాసుకున్నారు కదా, ఎందుకు చేయలేదు?" అని అడగడానికి ఒక ఆధారం ఉండేది.

రెండూ తెల్లదొరలు చేసినవే. ఒకటి విచారణ జరిగిన తరువాత రాసుకున్నది, కనుక విధులతో నిండి ఉంది. రెండవది గాభరాలో రాసుకున్నది, కనుక అధికారాలతో నిండి ఉంది. విచారం ఏమిటంటే, 2020లో మనకు అక్కరకు వచ్చినది రెండవదే.

*

అనుబంధ ప్రశ్న కథకు మళ్ళీ వద్దాం. 1909 సంస్కరణలతో ప్రశ్న వేసిన సభ్యుడు జవాబు మీద మరొక ప్రశ్న వేసే హక్కు పొందాడు. 1919 సంస్కరణలతో ఆ హక్కు మిగతా సభ్యులకూ వచ్చింది. ఎంత చిన్న మార్పో, ఎంత పెద్ద మార్పో ఆలోచించండి. మొదటి ప్రశ్నకు జవాబు కచేరీలో గుమాస్తా రాసిస్తాడు. అనుబంధ ప్రశ్నకు మాత్రం మంత్రి లేచి నిలబడి తన నోటితో చెప్పాలి. తెలియకపోతే తెలియదని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ పది నిమిషాల ఇబ్బంది కోసమే మంత్రి ముందురోజు రాత్రి ఫైలు తెప్పించుకుని చదువుతాడు. సభ నిఘా అంటే ముఖ్యంగా ఇంతే.

ఆ నిఘా ఎంతదూరం పోగలదో కర్నూలు చూసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు డేరాలలో కచేరీలు నడిచిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడాదే మొదలైన శాసనసభలో, టంగుటూరి ప్రకాశం పంతులుగారంతటి నాయకుడి ప్రభుత్వం, మద్యనిషేధం అమలు గురించిన వివాదంలో, 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ తీర్మానం మంచిదా చెడ్డదా అన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నేను చెప్పదలచింది ఒకటే. ఒక చట్టం జనం మీద ఎలా అమలవుతున్నదీ అని ఒక సభ అడిగింది, జవాబు నచ్చలేదు, ప్రభుత్వం దిగిపోయింది. అది జరిగిన ఊరు ఇది. డేరాల కింద నడిచిన రాజధానిలో కూడా ఆ పని ఆగలేదు.

ఇంత జరిగినా ఆ నాలుగు సెక్షన్ల చట్టం అలాగే ఉండిపోయింది. పేర్లు మారాయి. వైస్రాయి స్థానంలో రాష్ట్ర ప్రభుత్వం వచ్చింది. 1920లో కేంద్రానికి ఓడల తనిఖీ వంటి అధికారాలిస్తూ ఒక ముక్క అతికించారు. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది. కానీ "నియమాలు చేశాక సభ ముందు పెట్టాలి" అన్న ఒక్క వాక్యం దానిలో చేర్చాలని ఎవరికీ తోచలేదు. అవసరం లేని రోజుల్లో అటకమీది గొడుగు చిల్లులను ఎవరు చూస్తారు? వాన వచ్చాకే కదా చూసేది.

*

వాన 2020 మార్చిలో వచ్చింది. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1897 చట్టం కింద కోవిడ్ నియమావళి ప్రకటించింది. మార్చి 23న పార్లమెంటు నిరవధికంగా వాయిదా పడింది. మరునాటి రాత్రి ప్రధానమంత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. నాలుగు గంటలలో అది అమలులోకి వచ్చింది. దానికి ఆధారం 2004 సునామీ అనుభవంతో 2005లో చేసిన విపత్తుల నిర్వహణ చట్టం. రాజ్యాంగంలో అత్యవసర పరిస్థితి అధ్యాయం ఒకటి ఉంది. దాని కింద ప్రకటన చేస్తే ఒక నెలలోగా పార్లమెంటు ఆమోదం తీసుకోవాలి. అయితే అది యుద్ధం, బయటి దాడి, సాయుధ తిరుగుబాటు వంటి వాటికి. అంటువ్యాధికి అది వర్తించదు, వర్తింపజేయనందుకు సంతోషమే. కానీ ఫలితం ఏమిటంటే, నూట ముప్పై కోట్ల మందిని ఇళ్ళలో కూర్చోబెట్టిన ఉత్తర్వులకు ఏ సభ ఆమోదమూ అక్కరలేకపోయింది. విపత్తుల చట్టం కింద చేసే నిబంధనలను పార్లమెంటు ముందు పెట్టాలని ఆ చట్టంలో ఉంది. లాక్‌డౌన్ వచ్చినది నిబంధనల రూపంలో కాదు, ఉత్తర్వుల రూపంలో.

పార్లమెంటు తిరిగి సమావేశమయింది సెప్టెంబరు 14న. అంటే ఇంచుమించు ఆరు నెలల తరువాత. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించరాదని రాజ్యాంగం చెబుతుంది. ఆ గీత తాకే ముందు తలుపు తెరిచారు. తెరిచినప్పుడు ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేశారు. రాతపూర్వక ప్రశ్నలు, రాతపూర్వక జవాబులు మాత్రం ఉంటాయన్నారు.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. నోటీసు ఇచ్చి ప్రశ్న అడగవచ్చు. జవాబు వస్తుంది. జవాబు మీద మరొక ప్రశ్న లేదు. ఇది 1892 నాటి హక్కే కదా! ఆనాటి మండలి సభ్యులు జనం ఎన్నుకున్నవారు కారు, నేటివారు జనం ఎన్నుకున్నవారు. నేటివారికి చర్చ ఉంది, ఓటు ఉంది, పోలిక అన్ని విధాలా పొసగదు. కానీ ప్రశ్న అన్న ఒక్క విషయంలో మాత్రం నూట ఇరవై ఎనిమిదేళ్ళ ప్రయాణం బయలుదేరిన చోటికే వచ్చి ఆగింది.

ఆ లోటు ఎవరికి తగిలిందో మా జిల్లా మాటల్లో చెబుతాను. పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుండి ఏటా వేలమంది సుగ్గికి పోతారు. గుంటూరు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలు బయలుదేరుతాయి. 2020 మార్చి చివర ఆ కుటుంబాలు చేలల్లోనే చిక్కుబడ్డాయి. వారిని ఇంటికి చేర్చే ఏర్పాట్లు జరిగేలోగా కొన్ని వారాలు గడిచిపోయాయి. అటువంటివారు దేశమంతటా కోట్లలో ఉన్నారు. సెప్టెంబరు 14న లోక్‌సభలో ఒక రాతపూర్వక ప్రశ్నకు జవాబుగా, సుమారు 1.04 కోట్ల మంది వలస కార్మికులు సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్ళారని కార్మిక శాఖ చెప్పింది. దారిలో చనిపోయినవారు ఎందరు అన్నదానికి, అటువంటి లెక్క నిర్వహించడం లేదని చెప్పింది. కొద్ది రోజులకే రాజ్యసభలో మరొక ప్రశ్నకు జవాబుగా, శ్రామిక్ రైళ్ళలో ప్రయాణిస్తూ 97 మంది మరణించారని రైల్వే శాఖ చెప్పింది.

ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడండి. రైళ్ళలో పోయినవారికి లెక్క ఉంది, రోడ్డుమీద పోయినవారికి లేదు. ఎందుకు లేదు? ఎవరు ఉంచాలి? ఇకనైనా ఉంచుతారా? ఈ మూడూ అనుబంధ ప్రశ్నలు. అవి పత్రికల్లో వచ్చాయి, టీవీల్లో వచ్చాయి. మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పవలసిన చోట మాత్రం రాలేదు.

*

రాష్ట్రం సంగతి చూద్దాం. ఇక్కడ రాజకీయం మాట్లాడాలని నాకు లేదు. మా సీమ నుండే ముఖ్యమంత్రి, మా జిల్లాలోని డోన్ నుండే ఆర్థిక మంత్రి ఉన్న రోజులవి. ఏ పక్షం ఉన్నా ఇలాగే జరిగేదేమో కూడా. జరిగినవి మాత్రం వరుసగా చెబుతాను.

2020 మార్చి చివర, కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి నెలల ఖర్చుకు సభ అనుమతి లేకుండానే ఆర్డినెన్సు వచ్చింది. ఏప్రిల్ 10న రాష్ట్ర ఎన్నికల కమిషనరు పదవీకాలాన్ని అయిదేళ్ళ నుండి మూడేళ్ళకు తగ్గిస్తూ మరొక ఆర్డినెన్సు వచ్చింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. శాసనసభ జూన్ 16, 17 తేదీలలో రెండు రోజులు కూర్చుంది. ఆ రెండు రోజులలోనే బడ్జెటు అయింది, కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొన్న బిల్లు కూడా మళ్ళీ అయింది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని ప్రభుత్వమే ఉపసంహరించుకున్నది వేరే కథ. నవంబరు 30 నుండి అయిదు రోజులు సభ. ఆ తరువాత 2021 మే 20న ఒకే ఒక్క రోజు సభ. 2,29,779 కోట్ల రూపాయల బడ్జెటు ఆ ఒక్క రోజులోనే వచ్చింది, ఆ ఒక్క రోజులోనే ఆమోదం పొందింది. ప్రతిసారీ ఆరు నెలల గడువు లోపలే. రాజ్యాంగంలోని అక్షరం చెడలేదు.

సభ అడగనిది కోర్టు అడగవలసి వచ్చింది. 2020 మార్చి 31న ఒక జీవో ద్వారా ఉద్యోగుల జీతాలలో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేశారు. ఏ చట్టం కింద అన్న ప్రశ్నతో ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి హైకోర్టుకు వెళ్ళారు. ఆపిన సొమ్మును 12 శాతం వడ్డీతో ఇమ్మని హైకోర్టు తీర్పు చెప్పింది. వడ్డీని 6 శాతానికి తగ్గించి 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. తెలంగాణలో ఇదే పనికి 2020 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చారు, ఆ తరువాత దాన్ని సభలో చట్టం చేశారు. అంటే కోత తప్పా ఒప్పా అన్నది అటుంచి, దానికి సభ అనుమతి ఉండాలన్న స్పృహ కనీసం ఆలస్యంగానైనా కలిగింది.

కోర్టు మంచిదే. కానీ కోర్టుకు పోవడానికి డబ్బూ, ఓపికా, కాగితాలూ కావాలి. సుగ్గికి పోయిన కోసిగి మనిషి హైకోర్టుకు పోలేడు. అతని తరఫున అడగడానికే గదా ఒక శాసనసభ్యుణ్ణీ ఒక పార్లమెంటు సభ్యుణ్ణీ ఎన్నుకున్నది.

*

దీనికి ఎదురువాదం ఉంది. అది తేలికగా తోసివేయగలది కాదు. వ్యాధి సమావేశాల తేదీలు చూసుకుని రాదు. చర్చ ముగిసేదాకా ఆగితే శవాలు లేస్తాయి. సభ్యులలో వయసు పైబడినవారు ఎక్కువ. వారిని ఒక్క హాలులో కూర్చోబెట్టడం ప్రమాదం. ఈ మాటలో నిజముందని మన సీమే చూసింది. పార్లమెంటు సమావేశాలు జరుగుతుండగానే, 2020 సెప్టెంబరు 16న తిరుపతి పార్లమెంటు సభ్యుడు బల్లి దుర్గాప్రసాదరావు కోవిడ్‌తో కన్నుమూశారు. ఎంతోమంది సభ్యులకు వ్యాధి సోకడంతో సమావేశాలను అనుకున్న గడువుకు ముందే, 23వ తేదీకే, ముగించారు. మా ఊళ్ళో కూడా నామమాత్రపు రుసుము తీసుకుని తరతరాల పేదలకు వైద్యం చేసిన ఒక పెద్ద డాక్టరుగారు ఆ ఏప్రిల్‌లోనే పోయారు. ఆ భయాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు.

కానీ ముందు పనిచేసి తరువాత లెక్క చెప్పడానికి అడ్డేమిటి? బ్రిటను పార్లమెంటు 2020 మార్చిలో తన కరోనా చట్టాన్ని వారం తిరగకుండానే చేసింది. అంత తొందరలో కూడా ఆరు నెలలకొకసారి సభలో ఓటు పెట్టాలని, రెండేళ్ళకు చాలావరకు దానంతట అదే రద్దు కావాలని రాసుకున్నది. న్యూజీలాండ్ సభ వాయిదా వేసుకుంటూనే ప్రతిపక్ష నాయకుడు అధ్యక్షుడిగా ఒక కమిటీ వేసింది. మంత్రులు, అధికారులు కంప్యూటరు తెర మీద దాని ముందు హాజరై జవాబులు చెప్పారు, దేశమంతా చూసింది. హంగరీ మాత్రం గడువు లేని అధికారాలను ప్రభుత్వానికి ఇచ్చి ప్రపంచమంతటి చేతా మాటలు పడింది. మూడు నెలలు తిరగకుండా ఆ చట్టాన్ని తీసేయవలసి వచ్చింది. వ్యాధి అన్ని దేశాలకూ ఒకటే. అడగడానికి దారి ఉంచుకోవాలా వద్దా అన్నది మాత్రం ఎవరికి వారు తీసుకున్న నిర్ణయం. మన దగ్గర స్థాయీ సంఘాలు తెర మీద సమావేశమవుతామంటే, గోప్యత చెడుతుందని అనుమతి రాలేదు.

ఆ సంఘాలు కూర్చుంటే ఏమి ఒరిగేదని అడిగేవారికి ఒక్క ఉదాహరణ. తిరిగి నేరుగా కూర్చోగలిగిన తరువాత, ఆరోగ్య వ్యవహారాల స్థాయీ సంఘం 2020 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఆసుపత్రులలో పడకలు చాలవని, ఆక్సిజను ఉత్పత్తిని తగినంతగా పెంచాలని, సిలిండర్ల ధరలకు కళ్ళెం వేయాలని అందులో చెప్పింది. ఆ చలికాలం పార్లమెంటు సమావేశాలు అసలే జరగలేదు. 2021 ఏప్రిల్, మే నెలలలో ఆక్సిజను కోసం దేశం ఎలా అల్లాడిందో మనందరికీ తెలుసు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజను సరఫరా కాసేపు ఆగి పదకొండు మంది చనిపోయారని అధికారికంగానే చెప్పారు. సభలో ఆ నివేదిక మీద చర్చ జరిగి ఉంటే వారు బ్రతికేవారని నేను అనలేను. ఆ రాత్రి కారణాలు ఆ రాత్రివి. కానీ హెచ్చరిక కాగితంమీద ఉండి, దాని గురించి నిలదీయవలసిన సభ మూసి ఉండడం మాత్రం జరిగింది.

*

చట్టం సంగతి ఏమయింది? 2020 ఏప్రిల్ 22న దాన్ని ఆర్డినెన్సు ద్వారా సవరించారు. సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించింది. వైద్య సిబ్బందిపై దాడి చేసినవారికి అయిదేళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలు. చాలా అవసరమైన సవరణ, సందేహం లేదు. కానీ నూట ఇరవై మూడేళ్ళ తరువాత చట్టాన్ని అటకమీద నుండి దించినప్పుడు కూడా దానికి కొత్త శిక్షలు చేర్చారే తప్ప, లెక్క చెప్పే వాక్యం చేర్చలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ ఈ చట్టాన్ని సమగ్రంగా పరిశీలించి, నేటి అవసరాలకు ఇది చాలదని, సరిగా సవరించడమో కొత్త చట్టం చేయడమో అవసరమని నివేదిక ఇచ్చింది.

నన్నడిగితే, కొత్త చట్టంలో పెద్ద పెద్ద మాటలేమీ అక్కరలేదు. కరువు నియమావళిలో ఉన్నట్లు అధికారి విధులు రాయాలి. ప్రతి నియమానికీ, ప్రతి ఉత్తర్వుకూ గడువు ఉండాలి. వాటిని సభ ముందు పెట్టాలి. సభ కూర్చోలేకపోతే సంఘం తెర మీదనైనా కూర్చోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అత్యవసర అధికారాలు అమలులో ఉన్నన్నాళ్ళూ ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేయరాదు. మామూలు రోజుల్లో ఒకనాడు మానేసినా ఫరవాలేదు. మామూలు కాని రోజుల్లోనే అది కావాలి.

ఆ పాల మనిషి ఇప్పటికీ వస్తాడు. బొంగులు తీసేసి చాలాకాలమయింది. ఈమధ్య అతనికి ఆనాటి ప్రశ్న గుర్తుచేసి, వైస్రాయి సంగతి, మండలి సంగతి, అనుబంధ ప్రశ్న సంగతి నాకు చేతనైనంత విడమరచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, క్యాను మూత బిగిస్తూ, "అంటే సార్, అప్పుడూ ఎవుర్నీ అడగల్యా, ఇప్పుడూ ఎవుర్నీ అడగల్యా. అంతే గదా?" అన్నాడు.

కాదు, మధ్యలో వందేళ్ళు అడిగాము అని చెప్పబోయాను. అతను అప్పటికే పక్కింటి గుమ్మం చేరుకున్నాడు.

లాక్‌డౌన్ నాటి మీ ఊరి అనుభవాలు, మీ పెద్దలు చెప్పిన ప్లేగు రోజుల సంగతులు ఉంటే తప్పక రాయండి. అవి కూడా ఒకచోట చేరితే, రేపు అడిగేవాళ్ళకు ఆధారంగా ఉంటాయి.